చేతిగొడ్డలికీ జేగురురాయికీ మధ్య

"కళ శ్రమ నుంచి పుట్టింది" అనే వాక్యం మన విమర్శ వ్యాసాల్లో తరచుగా కనిపిస్తుంది. సాహిత్యం పుట్టుపూర్వోత్తరాల గురించి ఏం రాసినా మొదటి పేరాలో ఆ మాట ఉండి తీరాలన్నంతగా అలవాటైపోయింది. దాని వెనక ఉన్నవాళ్ళు సామాన్యులు కారు. వానరుడు నరుడుగా మారటంలో శ్రమ వహించిన పాత్ర మీద ఎంగెల్స్ 1876లో ఒక వ్యాసం రాశాడు. అది ఆయన మరణానంతరం 1896లో అచ్చయింది. అదే ఏడు కార్ల్ బ్యూషర్ అనే జర్మన్ ఆర్థికవేత్త, పలు జాతుల పని పాటల్ని పోగుచేసి, శ్రమకూ లయకూ ఉన్న సంబంధం మీద ఒక గ్రంథం ప్రకటించాడు. ఆ తర్వాత క్రిస్టఫర్ కాడ్వెల్, జార్జ్ థామ్సన్ కవిత్వం పుట్టుకను ఈ దారిలో వివరించారు. మనకు వాళ్ళ నుంచి ఈ సూత్రం అందింది.

సూత్రం తప్పని నేననను. అయితే సూత్రాన్ని వల్లించటం వేరు, సాక్ష్యం ముందు నిలబెట్టటం వేరు. శ్రమ నుంచి కళ పుట్టిందంటే, ఎప్పుడు పుట్టింది? మొదటి పనిముట్టుతోనే పుట్టిందా? మధ్యలో ఇంకేమైనా కావలసివచ్చిందా? ఈ ప్రశ్నలకు పుస్తకాల్లో కన్నా నేలలో జవాబు ఎక్కువ దొరుకుతుంది. తూర్పు ఆఫ్రికాలో కెన్యా దేశపు ఒలోర్గెసైలీ అటువంటి నేల. ఆ చోటు చూసివచ్చాక, అక్కడ జరిగిన పరిశోధనల వెలుగులో మన సూత్రాన్ని పరిశీలించటం ఈ వ్యాసం ఉద్దేశం.

నైరోబీ నుంచి నైరుతి దిక్కుగా మగాది సరస్సుకు పోయే రోడ్డు మీద సుమారు 70 కిలోమీటర్ల దూరంలో ఈ స్థలం ఉంది. ఎన్‌గోంగ్ కొండల భుజం దాటగానే రోడ్డు మహా పగులు లోయలోకి దిగుతుంది. నైరోబీ చల్లదనం అక్కడితో సరి. కిందికి దిగేకొద్దీ ఎండ, తుమ్మచెట్లు, ఎర్రటి దుమ్ము, మేకల మందలు, వాటి వెనక మసాయి పిల్లలు. అదే రోడ్డులో ఇంకా దక్షిణంగా పోతే మగాది వస్తుంది. స్వాహిలీలో ఆ మాటకు సోడా అని అర్థం. అది ఇప్పటికీ ఉన్న సరస్సు, అక్కడ సోడా ఉప్పు తవ్వుతారు. ఒలోర్గెసైలీ దగ్గర ఉండిన సరస్సు మాత్రం ఎన్నడో పోయింది. చల్లారిపోయిన అగ్నిపర్వతం ఒకటి దక్షిణాన నిలిచి ఉంది. దాని పాదం దగ్గర సుద్దలాంటి తెల్లని పొరలు కోసుకుపోయిన గట్లుగా కనిపిస్తాయి. అవి కంటికి ఆనని నీటినాచు పెంకులు లక్షల ఏళ్ళు అడుగున పేరుకుని ఏర్పడిన పొరలు. సరస్సు నిండినప్పుడు తెల్లపొర, ఎండినప్పుడు మట్టిపొర, పక్క అగ్నిపర్వతాలు పేలినప్పుడు బూడిదపొర. ఆ గట్టు ఒక పుస్తకం అనుకుంటే బూడిదపొరలు దాని తేదీలు. బూడిదలోని స్ఫటికాల్లో ఉండే ఒక రకం పొటాషియం లెక్కతప్పని వేగంతో ఆర్గాన్ వాయువుగా మారుతూ ఉంటుంది. ఎంత మారిందో కొలిస్తే పొర వయసు తెలుస్తుంది.

జాన్ వాల్టర్ గ్రెగరీ అనే భూగర్భ శాస్త్రవేత్త 1919లో ఇక్కడ రాతి పనిముట్లను గమనించాడు. 1942లో లూయీ లీకీ, మేరీ లీకీ దంపతులు గట్ల మధ్య నడుస్తూ చేతిగొడ్డళ్ళు రాశులుగా పరుచుకుని ఉన్న చోటు కనుక్కున్నారు. అవి రెండవ ప్రపంచ యుద్ధపు రోజులు. బ్రిటిష్ సైన్యానికి చిక్కిన ఇటాలియన్ యుద్ధఖైదీలు ఇక్కడ తవ్వకాల్లో పనిచేశారు. మనిషి శ్రమ చరిత్రను వెలికితీసిన చేతుల్లో ఖైదీల చేతులు కూడా ఉన్నాయన్నమాట. తర్వాత 1960ల తొలి సంవత్సరాల్లో గ్లిన్ ఐజాక్, 1985 నుంచి రిక్ పాట్స్ బృందం, కెన్యా జాతీయ మ్యూజియాల సహకారంతో పని సాగించారు.

చేతిగొడ్డళ్ళను దొరికిన చోటనే ఉంచేశారు. నేలకు ఎత్తుగా కర్రల వంతెన కట్టారు, దాని మీద నడుస్తూ కిందికి చూడాలి. నల్లటి, బూడిదరంగు లావారాళ్ళు, ఒక్కొక్కటీ అరచేతికి మించిన సైజు, బాదం ఆకారం, ఒక కొస మొన, రెండో కొస గుండ్రం. ఒకటి రెండు కాదు, చూపు ఆనినంత మేరా అవే. రాశిని చూడగానే ఎవరికైనా "ఇది కార్ఖానా" అనిపిస్తుంది. కాని అలా తేల్చేయటానికి లేదు. వాగు కూడా రాళ్ళను ఈడ్చి ఒకచోటికి చేర్చగలదు. ఐజాక్ ఈ అనుమానాన్ని గట్టిగా లేవదీసి, నీటి ప్రవాహం రాళ్ళను ఎలా కదిలిస్తుందో పరీక్షించాడు. మనిషి చేసిన పని ఏది, నీరు చేసిన పని ఏది అని విడదీశాకే మాట్లాడాలన్నది అక్కడ నేర్చుకోవలసిన మొదటి పాఠం.

రాయి ఎక్కడ పడి ఉన్నా దాన్ని చెక్కింది మాత్రం చేతులే. చేతిగొడ్డలి చేయటం తేలికైన పని కాదు. ఒక చేత్తో రాయి పట్టుకుని, రెండో చేతిలోని గుండ్రాయితో అంచున ఒకానొక కోణంలో కొట్టాలి. కోణం కుదిరితే పెచ్చు లేస్తుంది, కుదరకపోతే రాయి నలుగుతుంది, లేదా నడిమికి విరుగుతుంది. తిరగలికి గాట్లు పెట్టే మనిషికి ఈ సంగతి తెలుసు. ఒక పెచ్చు తీశాక రాయి తిప్పి, ఆ గుంట అంచునే ఆసరా చేసుకుని రెండో వైపు పెచ్చు తీయాలి. ఇలా పదుల సార్లు. ప్రతి దెబ్బకూ ముందే, తర్వాతి దెబ్బకు చోటు మిగిలేటట్టు చూసుకోవాలి. అంటే తుది రూపం చేతిలో రాకముందే తలలో ఉండాలి. సాలెపురుగుకూ, తేనెటీగకూ, ఇల్లు కట్టే మేస్త్రీకీ తేడా చూపుతూ మార్క్స్ చెప్పినది ఇదే. మేస్త్రీ ముందు ఊహలో కట్టి, తర్వాత నేల మీద కడతాడు. ఒలోర్గెసైలీలో ఆ ఊహ పనిచేసిన ఆనవాళ్ళు చాలా ప్రాచీనమైనవి. ఇక్కడి చేతిగొడ్డళ్ళ పొరలు సుమారు 12 లక్షల ఏళ్ళ కిందట మొదలై 5 లక్షల ఏళ్ళ కిందటి దాకా వస్తాయి. 2003లో ఇక్కడే 9 లక్షల ఏళ్ళనాటి కపాలపు ముక్కలు దొరికాయి. అది మన జాతి మనిషిది కాదు, మనకన్నా చిన్న తలగల పూర్వమానవుడిది.

ఇంతవరకు ఎంగెల్స్ నిలిచాడు. ఆయన కాలంలో చాలామంది పండితులు మెదడు ముందు పెరిగిందనీ, చెయ్యి తర్వాత దాని ఆజ్ఞ పాలించిందనీ నమ్మేవారు. ఆ నమ్మకం ఎంత బలమైనదంటే, 1912లో ఇంగ్లండులో పిల్ట్‌డౌన్ దగ్గర దొరికిందన్న పెద్ద కపాలం దొంగదని 1953 దాకా బయటపడలేదు. ఎంగెల్స్ వరస తిప్పి చెప్పాడు: ముందు నిటారు నడక, దానితో చేతికి విడుదల, చేతి పనితోపాటు మెదడు పెరుగుదల. 1974లో ఇథియోపియాలో దొరికిన 32 లక్షల ఏళ్ళనాటి లూసీ అస్థిపంజరం చిన్న మెదడుతోనే నిటారుగా నడిచిన జీవిది. కెన్యాలోనే టర్కానా సరస్సు పడమటి ఒడ్డున లొమెక్వీ దగ్గర దొరికిన రాతి పనిముట్లు 33 లక్షల ఏళ్ళనాటివని 2015లో ప్రకటించారు. వరస విషయంలో ఎంగెల్స్ ఊహ మొత్తం మీద నిజమైంది. ఒక తరం నేర్చిన చేతినేర్పు రక్తంలో తర్వాతి తరానికి దిగుతుందన్న ఆయన ఊహ మాత్రం నిలవలేదు. నేర్పు దిగేది రక్తంలో కాదు, నేర్పే మనిషి ద్వారా. ఈ సవరణను గుర్తుంచుకోవాలి, దీనితో మనకు ముందు పని ఉంది.

ఇప్పుడు అసలు చిక్కు. 12 లక్షల ఏళ్ళ నుంచి 5 లక్షల ఏళ్ళ దాకా అంటే 7 లక్షల ఏళ్ళు. అంతకాలం శ్రమ ఉంది, పనిముట్టు ఉంది, ముందే రూపాన్ని ఊహించే శక్తి ఉంది. పెద్ద ఏనుగును కోసుకున్న చోటు కూడా ఇక్కడ బయటపడింది. దాని ఎముకల చుట్టూ పదునైన పెచ్చులు పడి ఉన్నాయి. ఒంటరి మనిషి అంత జంతువు మాంసంతో చేయగలిగేది తక్కువ, కలిసి పనిచేసి ఉంటారనుకోవటం అసంగతం కాదు. అయినా ఆ పొరల్లో రంగు లేదు, పూస లేదు, గీత లేదు. చేతిగొడ్డలి ఆకారంలో వచ్చిన మార్పు కూడా బహు స్వల్పం. మన సమస్త లిఖిత చరిత్ర 5 వేల ఏళ్ళు. అటువంటివి 140 చరిత్రలు పట్టే కాలంలో శ్రమ కళగా మారిన జాడ లేదు.

చేతిగొడ్డలి సౌష్టవాన్నే తొలి కళ అనవచ్చు గదా అని కొందరంటారు. అందంగా ఉన్న మాట నిజం. కాని రెండు వైపులా సమంగా చెక్కిన రాయి చేతిలో నిలకడగా ఉంటుంది, అంచు పొడుగునా కోస్తుంది. అక్కరకు వచ్చిన ప్రతి రూపాన్నీ కళ అంటే, కళ అన్న మాటకే అర్థం పోతుంది.

5 లక్షల ఏళ్ళ తర్వాత ఒలోర్గెసైలీ గట్లలో ఒక పెద్ద ఖాళీ ఉంది. భూమి పగుళ్ళు కదిలి పొరలు కోసుకుపోయాయి. మళ్ళీ పొరలు మొదలయ్యేసరికి సుమారు 3 లక్షల 20 వేల ఏళ్ళ కిందటి కాలం. అప్పటికి అంతా మారిపోయి ఉంది. ఆ సంగతులను 2018లో పరిశోధకులు మూడు వ్యాసాల్లో వెల్లడించారు. పెద్ద చేతిగొడ్డళ్ళు పోయాయి. వాటి బదులు చిన్నవి, సన్నని మొనలు, పిడికి బిగించటానికి వీలైనవి వచ్చాయి. చెక్కటానికి ముందే నడిమిరాయిని సిద్ధంచేసి, కోరిన ఆకారపు పెచ్చును ఒక్క దెబ్బతో లేపే పద్ధతి వచ్చింది. ఇది ఒక మార్పు.

రెండో మార్పు అంతకన్నా ముఖ్యం. చేతిగొడ్డళ్ళ కాలంలో వాడిన రాయి దాదాపు అంతా ఐదు కిలోమీటర్ల లోపలిదే. చుట్టుపక్కల ఏ లావా ఉంటే దానితోనే పని. కొత్త పొరల్లో అబ్సిడియన్ కనిపిస్తుంది. అది అగ్నిపర్వతం నుంచి వచ్చే నల్లటి గాజురాయి, గాజుపెంకులా కోస్తుంది. ఒలోర్గెసైలీ దగ్గర అది దొరకదు. ఒక్కో అగ్నిపర్వతం గాజుకు ఒక్కో రసాయన కూర్పు ఉంటుంది కాబట్టి ఏ ముక్క ఏ కొండదో పోల్చుకోవచ్చు. అలా పోలిస్తే ఆ రాయి 25 కిలోమీటర్ల నుంచి 95 కిలోమీటర్ల దూరం దాకా ఉన్న చోట్ల నుంచి వచ్చిందని తేలింది. కొంత ముడిరాయిగానే వచ్చి ఇక్కడ చెక్కబడింది.

మూడో మార్పు రంగు. అవే పొరల్లో నల్లని రంగురాళ్ళూ, జేగురురాళ్ళూ దొరికాయి. జేగురు మన పల్లెల్లో గడపలకూ గోడలకూ పూసే ఎర్రమన్నే. ఆ ముక్కల మీద అరగదీసిన గుర్తులున్నాయి. పొడి చేశారన్నమాట. దేనికి పూశారు? ఒంటికా, తోలుకా, కర్రకా? ఆ వస్తువులు మట్టిలో కలిసిపోయాయి. రంగు పొడి జిగురులో కలపటానికీ, తోలు పదును చేయటానికీ కూడా పనికొస్తుంది కాబట్టి దీన్ని "తొలి చిత్రకళ" అని ప్రకటించటం తొందరపాటు అవుతుంది. అయినా ఏరి తెచ్చి అరగదీసి రంగు తీయటమన్నది, ఆ 7 లక్షల ఏళ్ళలో జాడ లేని పని, ఇక్కడ మొదటిసారి ఎదురవుతుంది.

ఈ మార్పుకు కారణమేమిటి? ఖాళీని పూరించటానికి 2012లో దగ్గరి లోయలో నేలను లోతుగా తొలిచి 139 మీటర్ల మట్టి కడ్డీ తీశారు. దాని ఫలితాలు 2020లో వెలువడ్డాయి. 4 లక్షల ఏళ్ళ కిందటి నుంచి అక్కడి ప్రకృతి నిలకడ తప్పిందని అది చెప్పింది. భూమి ముక్కలు ముక్కలుగా విరిగింది. నీరు ఒకప్పుడు పుష్కలం, ఒకప్పుడు కరువు. గడ్డి మేసే భారీ జంతువులు చాలా జాతులు పోయి, చిన్న జాతులు వాటి చోటు తీసుకున్నాయి. ఇంటి దగ్గరి వనరు మీదనే ఆధారపడి బతకటం సాగని కాలం వచ్చింది. అటువంటప్పుడు పొరుగు లోయవాళ్ళతో పొత్తు ప్రాణాధారమవుతుంది. అబ్సిడియన్ వచ్చిన దారి అటువంటి పొత్తుల దారి అని పరిశోధకుల అభిప్రాయం. మనుషులు తామే నడిచి వెళ్ళి తెచ్చుకుని ఉండవచ్చన్న ఆక్షేపణ ఉంది. అయినా అన్ని కొండల నుంచి, అన్ని దిక్కుల నుంచి, పరాయి మనుషుల నేలల మీదుగా రాయి తేవాలంటే, ఆ మనుషులతో ఏదో ఒక ఒడంబడిక ఉండాలి. మనవాడెవడు, కానివాడెవడు అని దూరం నుంచే గుర్తుపట్టవలసిన అవసరం అప్పుడు పుడుతుంది. ఒంటి మీద రంగుకు అర్థం రావటానికి అనువైన పరిస్థితి అది.

ఇది ఒక్క చోట జరిగిన అద్భుతం కాదనటానికి మనకు దగ్గరలోనే సాక్ష్యం ఉంది. రాబర్ట్ బ్రూస్ ఫూట్ 1863లో మద్రాసు పక్క పల్లావరం దగ్గర మన దేశపు తొలి చేతిగొడ్డలి గుర్తించాడు. అదే ఏడు అత్తిరంపాక్కంలో మరికొన్ని దొరికాయి. అత్తిరంపాక్కం చేతిగొడ్డళ్ళు 15 లక్షల ఏళ్ళ పాతవని శాంతి పప్పు బృందం 2011లో తేల్చింది. అక్కడే చేతిగొడ్డలి వెనకబడి, సిద్ధంచేసిన నడిమిరాయి నుంచి చిన్న పెచ్చులు తీసే పద్ధతి సుమారు 3 లక్షల 85 వేల ఏళ్ళ కిందట వచ్చిందని 2018లో అదే బృందం చూపింది. ఖండాలు వేరు, పరిస్థితులు వేరు. అయినా సుదీర్ఘమైన నిలకడ, ఆ తర్వాత మలుపు, రెండు చోట్లా ఉన్నాయి.

కాబట్టి మన సూత్రాన్ని ఇలా సవరించుకోవాలి. శ్రమ లేకుండా కళ లేదు, అది నిజం. కాని శ్రమ నుంచి నేరుగా కళ ఊడిపడలేదు. చేతిగొడ్డలికీ జేగురురాయికీ మధ్య మనుషుల సంబంధాలు విస్తరించటమన్న మెట్టు ఒకటి ఉంది. నేర్పు రక్తంలో దిగదు, మనిషి నుంచి మనిషికి అందాలి అన్నాను. ఆ అందించుకోవటం ఒక గుంపు దాటి, ఒక లోయ దాటి సాగినప్పుడే గుర్తులకు అవసరం కలిగింది. ఇది మార్క్సిజానికి బయటి మాట కాదు. ఉత్పత్తి శక్తులతోపాటు ఉత్పత్తి సంబంధాలను చూడమన్నది దాని మూల పాఠమే. వల్లించేటప్పుడు మనం మొదటి దాన్ని పట్టుకుని రెండో దాన్ని వదిలేస్తున్నాం.

ఇక్కడ పద్ధతికి సంబంధించిన ఒక హెచ్చరిక అవసరం. రాయి పాట పాడదు. తొలి మనిషి ఏం పాడాడో రాయి చెప్పదు కాబట్టి, ఆ ఖాళీని నేటి ఆదివాసుల పాటలతో నింపటం మన విమర్శలో ఒక ఆచారమైంది. థామ్సన్ పద్ధతిలోనూ ఈ బలహీనత ఉంది. ఒలోర్గెసైలీ చుట్టూ మసాయి ప్రజలుంటారు. వాళ్ళను చూసి "రాతియుగపు మనుషులు" అని మురిసే యాత్రికులున్నారు. మసాయిలు ఇనుపబల్లెం పట్టిన పశుపాలకులు, 1904, 1911 సంవత్సరాల ఒడంబడికల పేరుతో బ్రిటిష్ వలస ప్రభుత్వం మంచి పచ్చికబయళ్ళు లాక్కుంటే దక్షిణానికి నెట్టబడినవాళ్ళు. వాళ్ళ చరిత్ర ఆధునిక చరిత్ర. మన నల్లమల చెంచులూ అంతే. అటవీ చట్టాలూ, షావుకార్లూ, రిజర్వు సరిహద్దులూ వాళ్ళ జీవితాన్ని మలిచాయి. వాళ్ళ పాటను ఆదిమ మానవుడి పాటగా చదివితే, ఆ పాటలోని నేటి ఆకలిని చదవనట్టే. ఆదివాసి అంటే ఆదిమానవుడు కాదు.

దీనికి విరుగుడుగా ఐజాక్ ఉదాహరణ చెబుతాను. ఆదిమానవులు ఆహారాన్ని ఒక చోటికి తెచ్చి పంచుకునేవారనీ, మానవత్వానికి ఆ పంపకమే పునాది అనీ ఆయన 1978లో ప్రతిపాదించాడు. మనలాంటివాళ్ళకు ఎంతో ఇష్టమైన ప్రతిపాదన అది. ఎముకలు ఒకచోట చేరినంత మాత్రాన పంపకం రుజువు కాదని విమర్శ వచ్చింది. ఐజాక్ ఆ విమర్శను విని, తన మాటను తగ్గించి, ఆహారాన్ని ఒక కేంద్రానికి తేవటం వరకే సాక్ష్యం చెబుతుందని 1980లలో సవరించుకున్నాడు. ఇష్టమైన సిద్ధాంతం పట్ల ఆ కాఠిన్యం సాహిత్య విమర్శకుడికీ ఉండాలి.

ఈ చర్చకు మన చేతిలో ఉన్న సాహిత్యంతో పని లేదా? తప్పకుండా ఉంది. నాటు పాట తీసుకోండి. వంగి నాటు వేసే కదలికే దానికి లయ ఇచ్చిందని రాసి ఊరుకుంటాం. కాని ఒకతె ఎత్తుకుంటుంది, మిగతావాళ్ళు అందుకుంటారు. ఆ ముఠా ఎట్లా కూడింది, ఎవరి పొలంలో, ఏ కూలికి? పాటలోని వేళాకోళం ఎవరి మీద, గట్టు మీద నిలబడ్డవాడు వింటాడని తెలిసే మాట ఎక్కడ మెలి తిరిగింది? దంపుడు పాటలో రోకటి పోటు తాళమిస్తుంది. పుట్టింటి బెంగనూ అత్తింటి ఆరడినీ రోకలి ఇవ్వలేదు. అవి కుటుంబ సంబంధాల నుంచి వచ్చాయి. తాళం శ్రమది, మాట సంబంధాలది. రెండింటినీ కలిపి చూడని విమర్శ పాటలో సగమే వింటుంది.

రాసిన కవిత విషయంలోనూ ఇంతే. ఫలానా ఏట కరువు వచ్చింది, కాబట్టి ఫలానా కవిత వచ్చింది అని తేల్చటం, పునాదిని ఉపరితలానికి మేకు కొట్టి బిగించటమే. కరువు అందరికీ వచ్చింది, కవిత అందరికీ రాలేదు. కరువు ఎవరిని ఎవరితో కలిపింది, ఎవరిని ఎవరి నుంచి విడదీసింది, కవి ఎవరికి గుర్తుపట్టేటట్టు ఆ మాట రాశాడు అని అడిగితే విమర్శ మొదలవుతుంది. విద్యార్థులు తమ సిద్ధాంత వ్యాసాల్లో "శ్రమ నుంచి కళ" అన్న వాక్యం రాసేటప్పుడు దాని పక్కన ఈ ప్రశ్నలు కూడా రాసుకోవాలని నా మనవి. జవాబు ప్రతిసారీ దొరకకపోవచ్చు. దొరికిన మేరకే చెప్పటం కూడా శాస్త్రీయ దృష్టిలో భాగమే.